రసీదుగా మారిన హెచ్చరిక

కేంద్ర హోంశాఖ 2016-17 వార్షిక నివేదికలో ఒడిశా సంగతి చెప్పేచోట నియమగిరి పేరు వచ్చింది. రాయగడ, కలహండి జిల్లాల్లో పరుచుకున్న ఆ కొండల్లో బాక్సైట్ తవ్వకాలను వ్యతిరేకిస్తున్న నియమగిరి సురక్షా సమితిని మావోయిస్టు పార్టీ వెనకుండి నడిపిస్తోందని అందులో రాశారు. ఆధారం ఏమిటో చెప్పలేదు. ఆ సమాచారం ఎక్కడ పుట్టింది, ఎన్నిచోట్ల సరిచూశారు, రాసినవాళ్లకే దానిమీద ఎంత నమ్మకం ఉంది అన్న ప్రశ్నలు చదివేవాడికి రాకూడదన్నట్టు ఉంది ఆ రాత.

అంతకు నాలుగేళ్ల ముందు ఇదే కొండల మీద ప్రభుత్వమే ఇంకో దారిలో జనం మనసు తెలుసుకుంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 ఊళ్లలో పల్లిసభలు, అంటే ఊరి జనమంతా కూర్చునే సభలు పెట్టారు. న్యాయాధికారి దగ్గరుండి చూశారు. ఆ కొండల ఆదివాసులైన డొంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. 12 సభలూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ ప్రాజెక్టుకు అనుమతి నిరాకరించింది.

అంటే ఒకే ప్రభుత్వం చేతిలో ఒకే కొండ గురించి రెండు కాగితాలున్నాయి. మొదటిది పల్లిసభల తీర్మానం, అది ఎలా తయారైందో ఊరంతా చూసింది. రెండోది హోంశాఖ నివేదిక, అది తయారైన తీరు రాసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అయినా ఆఫీసు బల్ల మీద ఎక్కువ బరువు తూగేది రెండోదే. 2023 ఆగస్టులో రాయగడ జిల్లాలో తొమ్మిదిమంది నియమగిరి ఉద్యమకారుల మీద చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద కేసు పెట్టారు. గొడవ పెద్దదయ్యాక ఆ సెక్షన్లు తీసేశారు. ఊరి ముందు చెప్పిన మాటకు లేని విలువ సీల్డు కవర్లో వచ్చిన మాటకు ఎందుకు వస్తుందంటే, రహస్యం అన్న ముద్రే మన పాలనలో రుజువుగా చెల్లుబాటవుతోంది కాబట్టి.

నిఘా విభాగాలు పనిచేయడం లేదని నేననను. రాయగడ, కోరాపుట్, మల్కాన్‌గిరి, గడ్చిరోలి లాంటి జిల్లాల్లో కిందిస్థాయి సిబ్బంది ఎంత ప్రమాదంలో పనిచేశారో సరిహద్దులో బతికే తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెచ్చిన సమాచారాన్ని కలెక్టర్ ముందు, ఎస్పీ ముందు, సచివాలయం ముందు పెట్టే తీరులోనే తేడా ఉంది. అధికారి నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చేలా రాయాల్సిన కాగితాన్ని, రేపు ఏదైనా జరిగితే రాసినవాడిని కాపాడేలా రాస్తున్నారు.

సమాచారం పైకెక్కే దారి చూస్తే ఇది అర్థమవుతుంది. గునుపూర్ సంతలోనో, కలిమెల బస్టాండులోనో ఒకడు, ఫలానా ఊళ్లో రాత్రిపూట కొత్త మొహాలు కనిపిస్తున్నాయట అంటాడు. అతను స్వయంగా చూడలేదు, బావమరిది చెప్పాడు. వినే కానిస్టేబుల్‌కు ఆ సంగతి తెలుసు. అతను ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్లో చెప్పేటప్పుడు బావమరిది ఇంకా ఉంటాడు. జిల్లా ఇంటెలిజెన్స్ వాళ్లు కాగితం మీద పెట్టేసరికి బావమరిది పోతాడు, రాత్రిపూట మిగులుతుంది. భువనేశ్వర్‌కు వెళ్లేసరికి కొత్త మొహాలు కాస్తా దళం అవుతాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు. ప్రతి మెట్టు మీదా ఒకరు వాక్యాన్ని కాస్త చదును చేశారు, అంతే. పైవాళ్లు అనుమానాలు వినడానికి జీతం ఇవ్వడం లేదని కిందివాళ్లకు ఎప్పుడో అర్థమైపోయింది మరి.

సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది, దీన్ని లోపలి జిల్లాలవాళ్లు అంతగా ఊహించలేరు. మల్కాన్‌గిరికి అటు ఛత్తీస్‌గఢ్, ఇటు ఆంధ్ర ఆనుకునే ఉంటాయి, తెలంగాణ కూడా దూరమేం కాదు. ఆంధ్ర, తెలంగాణలకు వేర్వేరుగా ఎస్‌ఐబీలు (స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచీలు), ఒడిశాకు స్పెషల్ ఇంటెలిజెన్స్ వింగ్, అందరిమీదా కేంద్రం ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ). ఇందరూ అవే సంతల చుట్టూ, ఆ కొద్దిమంది మనుషుల చుట్టూ తిరుగుతారు. మల్కాన్‌గిరి జిల్లా కొసన మోటు అనే ఊరి దగ్గర ఒకడు తెలుగులో చెప్పిన కబురే ముగ్గురి చెవిన పడుతుంది. ముగ్గురూ తమ తమ రాజధానులకు పంపుతారు. కార్గిల్ తర్వాత 2001లో పెట్టి, ముంబయి దాడుల తర్వాత 2008 డిసెంబర్ 31న బలోపేతం చేసిన మల్టీ ఏజెన్సీ సెంటర్ ఢిల్లీలో ఉంది. ఏజెన్సీల సమాచారం అంతా ఒకచోట చేరాలన్నదే దాని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. కానీ అక్కడికి ఒకే నోటి మాట మూడు దారుల్లో చేరితే మూడు సాక్ష్యాల్లా కనిపిస్తుంది. ఆ మూడింటి వెనక ఉన్నది ఒక్కడేనని చెప్పే గడి ఆ కాగితంలో లేకపోతే, ఢిల్లీలో కూర్చున్న అధికారిని ఏమనగలం?

ముగ్గురు ఒకే మాట చెబితే నమ్మవచ్చన్నది కౌటిల్యుడి సూత్రం. దాన్ని మనవాళ్లు ఉపన్యాసాల్లో తెగ వాడతారు. అదే అధ్యాయంలో ఆయన ఇంకో షరతు పెట్టాడు, అది ఎవరికీ గుర్తుండదు: వేగులు ఒకరికొకరు తెలియకూడదు. రెండో షరతు లేకుండా మొదటిదానికి విలువ లేదు. రెండువేల ఏళ్ల కిందటి రాజనీతికి తట్టిన జాగ్రత్త మన జిల్లా ఆఫీసుల్లో ఒక గడిగా కూడా చేరలేదంటే చిన్నతనంగా ఉంటుంది.

ఇక హెచ్చరికల విషయం. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే, దాడులు జరగవచ్చని రాష్ట్రాలను ముందే హెచ్చరించామన్నారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రం అందులో లేదు. అన్ని రాష్ట్రాలకూ కలిపి పంపిన అలాంటి హెచ్చరికతో హైదరాబాద్ కమిషనర్ ఏ కూడలిలో ఎంతమందిని నిలబెట్టాలి? ఆ కాగితం పంపినవాళ్లకు మాత్రం బాగా పనికొచ్చింది. పేలుడు తర్వాత చూపించుకోవడానికి రసీదు చేతిలో ఉంది.

ముంబయి దాడుల మీద మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రామ్ ప్రధాన్ కమిటీ కూడా ఇదే గోడకు తగిలింది. కేంద్రం నుంచి వచ్చిన హెచ్చరికలు ఒకటీ రెండూ కావు, చాలాకాలంగా వస్తూనే ఉన్నాయి. వాటిని ఒకచోట పేర్చి, వీటన్నిటికీ కలిపి అర్థం ఇదీ అని చెప్పే పని సరిగ్గా జరగలేదు. కార్గిల్ మీద కె.సుబ్రహ్మణ్యం కమిటీ బయటపెట్టిన సంగతి ఇంతకన్నా విచిత్రం. 1998 జూన్‌లో ఐబీ డైరెక్టర్ సరిహద్దు అవతలి కదలికల గురించి స్వయంగా సంతకం పెట్టి ప్రధానికి, హోంమంత్రికి, కేబినెట్ కార్యదర్శికి, ఇంకొందరికి ఉత్తరం రాశారు. ఆ సమాచారంతో అసలు పని ఉన్న ముగ్గురికి, అంటే విదేశీ నిఘా సంస్థ రా కార్యదర్శికి, జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ చైర్మన్‌కు, మిలటరీ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జనరల్‌కు మాత్రం అది పంపలేదు. దేశం స్థాయిలోనే చిరునామా ఇలా తప్పుతుంటే, చిత్రకొండ పోలీసు స్టేషన్‌కు సరైన కాగితం సరైన రోజున చేరుతుందని ఆశించడం అత్యాశే.

చిత్రకొండ పేరు వచ్చింది కాబట్టి బలిమెల దగ్గర కాసేపు ఆగాలి. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో అలంపాక దగ్గర, కూంబింగ్ ముగించుకుని లాంచీలో తిరిగివస్తున్న బలగాల మీద కొండల మీదినుంచి కాల్పులు జరిపారు. 38 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆంధ్ర గ్రేహౌండ్స్ కుర్రాళ్లు. జలాశయం చుట్టుముట్టిన 151 ఊళ్ల కటాఫ్ ఏరియా ప్రమాదకరమన్న ముక్క ఆ రోజుల్లో ఏ నివేదికలోనైనా ఉండి ఉంటుంది, ఉండకపోతేనే ఆశ్చర్యం. సోమవారం నిజం, మంగళవారం నిజం, ఏడాది పొడవునా నిజం. అన్ని రోజులూ నిజమయ్యే మాట ఏ ఒక్క రోజుకూ పనికిరాదు. వెళ్లే దారి ఒక ఎత్తు, తిరిగొచ్చే దారి ఒక ఎత్తు. ఇరుకైన నీటిదారిలో రెండువైపులా కొండలున్న చోట లాంచీ ఎక్కడం వేరే లెక్క. కమాండర్‌కు కావాల్సింది ఆ తేడా.

2011 ఫిబ్రవరి 16న మల్కాన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను అదే కటాఫ్ ఏరియాలో మావోయిస్టులు ఎత్తుకుపోయారు. మన తెలుగు కుర్రాడే. బందోబస్తు లేకుండా మోటార్‌సైకిల్ మీద ఊళ్లలోకి వెళ్లాడని అప్పట్లో తప్పుపట్టినవాళ్లున్నారు. నాకు ఆ విమర్శ ఎప్పుడూ నచ్చలేదు. ఒక బ్లాకులో సగానికి శాశ్వతంగా ఎర్ర గుర్తు పెట్టి ఉంచితే కలెక్టర్‌కు రెండే దారులు: పదవిలో ఉన్నన్నాళ్లూ అటు వెళ్లకుండా ఫైళ్లు చూసుకోవడం, లేదా గుర్తును పట్టించుకోకుండా వెళ్లడం. పనిచేసే అధికారి రెండోదే ఎంచుకుంటాడు. ఈ వారం వద్దు, వచ్చే నెల ఫర్వాలేదు, ఫలానా వాగు దాటకపోతే చాలు అని చెప్పగలిగిన నివేదికకే అతను ఆగుతాడు. కటాఫ్ ఏరియాను బయటికి కలిపే గురుప్రియ వంతెన 2018 జూలైలో తెరిచాకే అక్కడి జనానికి ప్రభుత్వం మొహం రోజూ కనిపించడం మొదలైంది. వంతెన రాకముందు అటు వెళ్లిన అధికారుల ధైర్యాన్ని తప్పుగా రాసుకోకూడదు.

బయటి దేశాలు ఈ జబ్బును ఎప్పుడో గుర్తించాయి. 1951లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశాన్ని తీవ్రంగా పరిగణించాలని ఒక అంచనా రాసింది. తీవ్రంగా అంటే ఎంత అని విదేశాంగ శాఖ అధికారి ఒకాయన అడిగితే, దాన్ని తయారుచేసిన షెర్మన్ కెంట్ తన లెక్క నూటికి 65 అన్నాడు. అడిగినాయన కంగుతిన్నాడు, అంత ఉంటుందని అనుకోలేదు. కెంట్ అనుమానంతో తన జట్టులోనే వాకబు చేస్తే, సంతకాలు పెట్టినవాళ్లలో ఒకరు నూటికి 20 అనుకున్నారు, ఇంకొకరు 80 అనుకున్నారు. అంతా కలిసి ఒకే వాక్యానికి ఒప్పుకున్నామన్న తృప్తితో ఇళ్లకు వెళ్లినవాళ్లే వీళ్లంతా. ఇరాక్ ఆయుధాల గొడవ తర్వాత 2004లో బ్రిటన్‌లో బట్లర్ కమిటీ తేల్చింది కూడా ఇలాంటిదే: నిఘా అంచనాల్లో ఉన్న జాగ్రత్త మాటలు జనం ముందు పెట్టిన పత్రంలో సరిగ్గా కనపడలేదు. ఇప్పుడు బ్రిటన్‌లో అంచనా రాసేవాళ్లు సంభావ్యత చెప్పే ప్రతి మాటకూ ఒక శాతం హద్దు పాటిస్తారు. జరిగే అవకాశం ఉంది అని రాస్తే 55 నుంచి 75 శాతం మధ్య అని చదివేవాడికి తెలుసు. సమాచారం ఇచ్చినవాడిని ఎంత నమ్మవచ్చో ఒక అక్షరంతో, సమాచారం నిజానిజాలను ఒక అంకెతో విడివిడిగా సూచించే పద్ధతి నాటో సైన్యాల్లో పాతదే. నమ్మకస్తుడు కూడా తప్పు కబురు తేవచ్చు, దొంగ కూడా నిజం చెప్పవచ్చు అన్న ఇంగితం దాని వెనక ఉంది.

కబురు ఎలా వచ్చిందో, దాన్ని ఎంత నమ్మవచ్చో కాగితం మీద రాయడానికి పోలీసు అధికారులు చెప్పే అభ్యంతరం తేలిగ్గా కొట్టేసేది కాదు. మా పల్లెల్లో ఇన్ఫార్మర్ అన్న ముద్ర పడితే ప్రాణం పోయినట్టే. ఆ ముద్ర వేసి మావోయిస్టులు చంపిన ఆదివాసుల కుటుంబాలు మల్కాన్‌గిరిలో ఉన్నాయి, గడ్చిరోలిలో ఉన్నాయి. కాగితం మీద వివరం ఎంత ఎక్కువైతే మనిషి అంత దొరికిపోతాడన్నది నిజం. కానీ ఎవరు చెప్పారన్నది దాచడం వేరు, చెప్పినవాడు కళ్లతో చూశాడా విన్నాడా అన్నది దాచడం వేరు. రెండోది రాయడానికి పేరు అక్కర్లేదు, ఊరు కూడా అక్కర్లేదు. పైగా నమ్మకం పాలు తెలియని కాగితమే అమాయకుల ఇళ్ల మీదికి బలగాలను నడిపిస్తుంది. అలా దాడి జరిగిన ఊళ్లో మర్నాడు జనం వెతికేది ఎవరు చెప్పారనే.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది, దీన్ని మాత్రం బయటికి అనరు. నూటికి 60 అని రాస్తే పైవాళ్లు చదవరు, తప్పయితే తిడతారు, ఒప్పయితే మరిచిపోతారు. ఇది చదివేవాళ్ల తప్పు. రెండేళ్లకో బదిలీ అయ్యే కలెక్టర్, జిల్లా భాష ఇంకా పట్టుబడకముందే వెళ్లిపోయే ఎస్పీ, చివరి పేరా మాత్రమే చూసే కార్యదర్శి కలిసి రాసేవాళ్లకు ఈ అలవాటు చేశారు. చదివేవాడి మనసెరిగి రాయడం మొదలైతే అది ఎందాకా పోతుందో తెలుగువాళ్లకు 2024లో కళ్లకు కట్టింది. మావోయిస్టుల మీద నిఘా కోసం పుట్టిన తెలంగాణ ఎస్‌ఐబీ లోపలే రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు నాశనం చేశారని పంజాగుట్ట స్టేషన్‌లో కేసు నమోదైంది. ఆరోపణలు కోర్టులో తేలాలి. అడవి కోసం కొన్న చెవులు నగరం వైపు తిరిగాయన్న ఆరోపణ రావడమే చాలు, పాలకుడికి ఏం వినాలని ఉందో సిబ్బందికి ఎంత బాగా తెలుసో చెప్పడానికి.

గడ్చిరోలిలో ఇప్పుడు కథ మలుపు తిరిగింది. 2025 జనవరి 1న మావోయిస్టు నాయకురాలు తారక్క, అక్టోబర్‌లో ఆమె భర్త, పెద్దపల్లివాడైన మల్లోజుల వేణుగోపాలరావు సుమారు 60 మందితో కలిసి ముఖ్యమంత్రి ఫడ్నవీస్ ఎదుట ఆయుధాలు అప్పగించారు. మావోయిస్టుల మీద పోరుకు పెట్టిన ప్రత్యేక పోలీసు దళం సీ-60 1990లో పుట్టిన జిల్లా అది. సమీక్షల్లో తెర మీద వేసే లెక్కలు ఇన్నాళ్లూ ఎన్‌కౌంటర్లు, అరెస్టులు, లొంగుబాట్లు. ఆ లెక్కలు అయిపోతే తెర మీద ఏం వేస్తారన్నదే నా భయం. సూర్జాగఢ్ ఇనుప గనులున్నాయి, రాయగడ సరిహద్దులో సిజిమాలి బాక్సైట్ ఉంది, సిరొంచలో మేడిగడ్డ బ్యారేజీ నీళ్లకు పొలాలు పోయిన తెలుగు రైతులున్నారు. ఈ జనం వేసే ప్రతి నిరసన టెంటుకూ మావోయిస్టు అన్న పాత చీటీ అతికించి పైకి పంపడం తేలిక, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగినప్పుడు ఇంజనీర్లు ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్లి విద్రోహ చర్య అనుమానం ఉందని ఫిర్యాదిచ్చారు. జాతీయ డ్యామ్ భద్రత సంస్థ నిపుణులు వచ్చి చూశాక చెప్పింది ప్లానింగ్, డిజైన్, నాణ్యత లోపాల గురించి. అడవి పక్కన ఉన్నంతకాలం కుట్ర అన్న మాట ఎవరి నోటికైనా ముందు తగులుతుంది.

చేయాల్సిన పనులకు కొత్త చట్టం కోసం కూడా ఆగక్కర్లేదు. ఐబీకి ఇప్పటికీ పార్లమెంటు చేసిన చట్టం లేదు, సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ నిఘా సంస్థలను బయటి కళ్ల నుంచి తప్పించింది, అవి వేరే పోరాటాలు. జిల్లా స్థాయిలో కలెక్టర్, ఎస్పీ తలుచుకుంటే రేపే మొదలుపెట్టవచ్చు. ప్రతి హెచ్చరిక మీదా చూసిందా, విన్నదా, మూలం ఒకటేనా అని ఒక వరుస. ఆరు నెలలకోసారి పాత హెచ్చరికలు తీసి ఎన్ని నిజమయ్యాయో, ఎన్ని తేలిపోయాయో రాసుకోవడం. తేలిపోయినందుకు ఎవరినీ శిక్షించకూడదు, అలా శిక్షిస్తే మళ్లీ అందరూ అన్ని రోజులూ నిజమయ్యే మాటలే రాస్తారు. ఒక ఊరి ఉద్యమం మీద నివేదిక వస్తే దానితోపాటు ఆ ఊరి పల్లిసభ తీర్మానం, తహసీల్దారు, ఐటీడీఏ ఏం రాశారో కూడా అదే ఫైల్లో ఉండాలి. రెండూ పొసగకపోతే పొసగడం లేదని కింద ఒక మాట రాయాలి.

ప్రయోగానికి కొఠియా బాగుంటుంది. కోరాపుట్ జిల్లా పొట్టంగి వైపు, మన సాలూరు వైపు ఉన్న ఆ 21 ఊళ్లు తమవేనని రెండు రాష్ట్రాలూ అంటాయి. ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడి మూడు పంచాయతీల్లో ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది. ఆ కొండమీది జనం రెండువైపుల రేషనూ తీసుకుంటారు, రెండువైపులా ఓటూ వేస్తారు, పింఛను ఎవరు ముందు ఇస్తే వాళ్ల సభకు ముందు వెళ్తారు. ఒకే సభకు రెండు రాష్ట్రాల నిఘా సిబ్బందీ వస్తే పార్వతీపురానికి వెళ్లే కాగితంలో జనం ఆంధ్రను కోరుకుంటున్నారని, కోరాపుట్‌కు వెళ్లే కాగితంలో బయటివాళ్లు రెచ్చగొడుతున్నారని ఉండటానికే అవకాశం ఎక్కువ. నూటికి 80 అనుకోండి. ఆ రెండు కాగితాలనూ ఇద్దరు కలెక్టర్లు ఒక్కసారి మార్చుకుని చదవాలి. పక్కన కొఠియా మనిషిని ఒకరిని కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, ఆయనకు రెండు భాషలూ వచ్చు.